ముసుగు ఎవరికి, మర్యాద ఎవరికి?

(మహిళా హక్కులపై జరిగిన ఒక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి సమావేశం ముగిసే ముందు ఒక తీర్మానం ముసాయిదా చదివి వినిపించారు. సామాజిక మాధ్యమాల్లో స్త్రీల మీద జరుగుతున్న దాడిని ఖండిస్తూ రాసిన తీర్మానం అది. మొదటి మూడు పేరాలతో నాకు ఏ పేచీ లేదు. నాలుగో పేరా దగ్గర ఆగిపోయాను. ప్రతి ఖాతాకీ ప్రభుత్వ గుర్తింపు కార్డు తప్పనిసరి చెయ్యాలనీ, అసలు పేరు బయటపెట్టకుండా ఎవరూ ఏమీ రాయడానికి వీల్లేకుండా చట్టం తేవాలనీ అందులో ఉంది. చప్పట్లు ఎక్కువగా వినిపించింది కూడా ఆ పేరాకే. చప్పట్లు కొట్టినవాళ్ళలో కొందరు ఏమేం పడ్డారో నాకు తెలుసు కనుక వాటిని తేలిగ్గా తీసుకోను. కానీ సాయంత్రం తీర్మానం ఓటుకి వచ్చేలోగా నా అభ్యంతరం మీ ముందు పెట్టాలి.

నాకిచ్చిన అంశం ‘అజ్ఞాత విమర్శ, క్షీణిస్తున్న మర్యాద’. ఈ రెండు మాటల్నీ ఈ మధ్య జంటగానే వాడుతున్నారు. పేరు దాచుకునే వీలు దొరికింది కాబట్టి మనుషులు మర్యాద మరిచారన్నది వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. స్త్రీల వైపు నుంచి చూస్తే మాత్రం ఈ లంకె అంత గట్టిగా నిలబడదు.

పేరు లేని నింద మనకి కొత్తేమీ కాదు. దానికి మన భాషలో పేరే ఉంది, ఆకాశరామన్న ఉత్తరం. పెళ్ళి కుదిరిన ఇంటికి, ముహూర్తం దగ్గరపడ్డాక, ఒక కార్డు ముక్క వచ్చేది. దస్తూరీ గుర్తుపట్టకుండా ఎడమచేత్తో రాసేవారు. పోస్టాఫీసు ముద్రని బట్టి ఊరు తెలిసిపోతుందని పక్క ఊరికి పోయి డబ్బాలో వేసి వచ్చేవారు. చివర ‘ఇట్లు మీ శ్రేయోభిలాషి’ అని ఉండేది. నా పరిశోధన రోజుల్లో పెద్దవయసు స్త్రీలతో మాట్లాడినప్పుడు ఇలాంటి ఉత్తరాల ప్రస్తావన ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేను. మగవాళ్ళ గురించి వచ్చే ఉత్తరాల్లో లంచం, అప్పు, తాగుడు, రెండో సంసారం, ఇలా రకరకాల ఆరోపణలుండేవి. ఆడవాళ్ళ గురించైతే ఒకటే. అది ఏమిటో ఈ సభలో చెప్పనక్కర్లేదు.

ఇక్కడ గమనించవలసింది ఆ ఉత్తరాల భాష. అందులో తిట్టు ఉండదు. ‘మహారాజశ్రీ ఫలానా గారికి నమస్కరించి వ్రాయునది’ అని మొదలయ్యేది. ‘తమవంటి పెద్దమనుషులు మోసపోకూడదనే సదుద్దేశముతో’ అని నడిచేది. ఒక పిల్ల బతుకుని బుగ్గి చేసిన ఆ ఉత్తరాలలో మర్యాదకి ఏ లోటూ లేదు. వినయంగా రాయడం చేతనైనవాళ్ళే, అంటే చదువూ హోదా ఉన్నవాళ్ళే, వాటిని రాశారు.

దీనికి పక్కనే మన పల్లెల్లో మరో పద్ధతి ఉండేది. కోడిపెట్ట పోయిన ఇల్లాలు వీధి నడుమ నిలబడి, కొంగు బిగించి, గుప్పెడు దుమ్మెత్తిపోసి, తిన్నవాణ్ణి ఏడు తరాలు కలిపి తిట్టేది. మర్యాదస్తులు కిటికీ తలుపులు వేసుకునేవారు. ‘నోరుగల మనిషి’ అనేవారు. ఆ తిట్టులో ఒక నియమం ఉంది, ఎవరూ గమనించరు గానీ. తిట్టే మనిషి ఎవరో ఊరందరికీ తెలుసు. ఆమె ముఖం కనిపిస్తోంది, గొంతు వినిపిస్తోంది, రేపు బావి దగ్గరికి వచ్చేదీ ఆమే. తిట్లు తినే మనిషికే పేరు లేదు. తప్పు చేసినవాడు తనంతట తాను తగిలించుకోవాలి. రుజువు లేకుండా ఎవరి పేరూ ఎత్తకూడదన్న జాగ్రత్త ఆ బూతుల మధ్యలోనే ఉంది.

ఇవాళ ఫోన్లలో జరుగుతున్నది దీనికి సరిగ్గా తిరగేసిన వ్యవహారం. తిట్లు తినే స్త్రీ పేరు, ఫోటో, చదివిన కాలేజీ, పిల్లల బడి, అన్నీ బయట ఉంటాయి. తిట్టేవాడికి ముఖం ఉండదు, ముఖం ఉండాల్సిన చోట ఏ హీరో బొమ్మో, ఏ పులి బొమ్మో ఉంటుంది.

సరే, మర్యాద క్షీణించిందంటున్నారు. ఎవరికి ఉన్నది క్షీణించింది? తెలుగులో మర్యాద అంతా ఒక్క అక్షరంలో, ‘రు’లో ఉంది. వచ్చారు, కూర్చున్నారు, తిన్నారు. ఊళ్ళో పదేళ్ళ మోతుబరి కుర్రాడు డెబ్భై ఏళ్ళ దళిత స్త్రీని ‘ఏమే, రావే’ అని పిలవడం నా తరంవాళ్ళం కూడా కళ్ళారా చూశాం. ఆమె ఆ పిల్లవాణ్ణి ‘తమరు’ అనేది. కూలికి పోయే స్త్రీకి, పాకీపని చేసే స్త్రీకి, ఇళ్ళలో అంట్లు తోమే స్త్రీకి ‘గారు’ ఎప్పుడు దక్కింది? వాళ్ళని అన్నవాడు పేరు దాచుకోలేదు. దాచుకోవలసిన అవసరమే రాలేదు. నిత్యజీవితంలో మర్యాద తగ్గిపోయిందని ఇవాళ బాధపడేవాళ్ళలో చాలామంది, అంతకుముందు మర్యాద అందుకున్న కులాలకీ తరగతులకీ చెందినవాళ్ళు. నేనూ ఆ కోవలోదాన్నే. నలుగురిలో నోటికొచ్చినట్టు మాట పడటం మనకి కొత్తగా వచ్చిన అనుభవం. కొందరికి అది పుట్టుకతో వచ్చిన అనుభవం.

పేరు పెట్టుకుని చేసే విమర్శ బాధ్యతగా ఉంటుందన్న నమ్మకానికి మన సాహిత్య చరిత్రలో బలం చాలదు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ని అసభ్యమని తీసిపారేసినవారు కందుకూరి వీరేశలింగం పంతులు గారు. తమ పేరుతో, తమ ‘ఆంధ్ర కవుల చరిత్ర’లోనే రాశారు. కావ్యాన్ని విమర్శించి ఊరుకోలేదు, కవయిత్రి కులవృత్తినీ తెచ్చారు. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి అచ్చువేస్తూ, మగకవుల కావ్యాల్లో ఇంతకన్నా ఎక్కువ ఉన్నప్పుడు లేని అభ్యంతరం ఇక్కడే ఎందుకని తన పేరుతోనే నిలదీసింది. ఫలితం పుస్తకం మీద ప్రభుత్వ నిషేధం. ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రభుత్వ అధినేతగా ఉన్న 1946-47 కాలంలో గానీ అది తొలగలేదు. మన కళ్ళముందు జరిగినదే చూసినా, 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చిన రోజుల్లో స్త్రీవాద కవిత్వాన్ని నీలి కవిత్వమని ఎద్దేవా చేసినవాళ్ళు ఎవరూ ముసుగులు వేసుకోలేదు. పేరున్న పత్రికల్లో పేరున్న విమర్శకులే రాశారు.

మరి తేడా ఏమీ లేదా? ఉంది. ఆకాశరామన్న కార్డుకి ఖర్చుంది, శ్రమ ఉంది, చదివేది ఒక్క ఇల్లు. పత్రికలో ఉత్తరాల పేజీ కింద ‘పూర్తి పేరు, చిరునామా లేని ఉత్తరాలు ప్రచురించబడవు’ అని ఉండేది. ఆ ఒక్క వాక్యం వెనక ఒక సంపాదకుడు కూర్చుని ఉండేవాడు. మనకి నచ్చనివాడే కావచ్చు, మగవాడే కావచ్చు, కానీ ఏది అచ్చవుతుందో దానికి జవాబుదారీ వహించే మనిషి ఒకడున్నాడు. అశ్లీలమైన మాటలు, బెదిరింపులు పైన రాసిన ఉత్తరాలను పంపకూడదని 1898 నాటి తపాలా చట్టంలోనే ఉండేది. ఈ మధ్యవర్తి ఇవాళ తప్పుకున్నాడు. పూర్తిగా తప్పుకుని ఉంటే కొంత నయం, అతను ఎదుటి పక్షంలో చేరాడు. కొట్లాట చుట్టూ జనం పోగైనకొద్దీ ప్రకటనల ఆదాయం పెరిగే వ్యాపారం అది. కొట్లాట ఆపితే అతనికి నష్టం.

దాడిని ఊళ్ళకి చేరవేస్తున్నదెవరో కూడా చూడాలి. పొద్దున్నే పువ్వుల బొమ్మతో శుభోదయం పంపే మావయ్యే సాయంత్రానికి ఒక నటి గురించో, ఒక మహిళా నాయకురాలి గురించో, ముఖం అతికించిన బొమ్మని బంధువుల వాట్సాప్ గ్రూపులో వేస్తాడు. ఆయన పేరుంది, ఫోన్ నంబరుంది, దేవుడి పటం ముందు నిలబడి తీయించుకున్న ఫోటో ఉంది. ‘ఎవరో పంపారమ్మా, నేను రాయలేదు’ అంటాడు. మొదట తయారుచేసినవాడు ఒక్కడు. మోసినవాళ్ళు వేలమంది, అందరూ పేర్లున్న పెద్దమనుషులే.

2019 పార్లమెంటు ఎన్నికల సమయంలో 95 మంది మహిళా రాజకీయ నాయకులను ఉద్దేశించి వచ్చిన 1,14,716 ట్వీట్లను ఆమ్నెస్టీ ఇండియా పరిశీలించింది. దాదాపు ప్రతి ఏడింటిలో ఒకటి అభ్యంతరకరంగానో, నేరుగా దూషణగానో ఉన్నట్టు తేలింది. ముస్లిం స్త్రీలకి మతం మీద, అణగారిన కులాల స్త్రీలకి కులం మీద మరింత ఎక్కువగా వచ్చాయి. బజారులో ఉన్న వరసే తెర మీదా ఉంది.

ఒక జిల్లా కేంద్రంలో డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలితో మాట్లాడాను. ఊరూ పేరూ చెప్పను, ఎందుకో మీకు తెలుసు. కులాంతర వివాహాల గురించి తన ఖాతాలో నాలుగు మాటలు రాసింది. కాలేజీ వార్షికోత్సవంలో తీసిన ఆమె ఫోటోని కత్తిరించి, కింద ఏదో రాసి, ఎవరో తిప్పారు. అది తన తరగతిలోనే పుట్టిందని ఆమెకి రెండో రోజుకి అర్థమైంది. పిల్లలందరికీ తెలుసు ఎవరు చేశారో. తెలియనిది ఆమెకి ఒక్కదానికే. మనం అజ్ఞాతం అంటున్నదాంట్లో చాలాభాగం ఇలాంటిదే. లోపల అందరూ అందరికీ తెలుసు, బాధితురాలికి మాత్రం తలుపు వేసి ఉంటుంది. ‘మర్నాడు పాఠం చెప్పడానికి వెళ్తే అరవై మందీ లేచి నిలబడి గుడ్ మార్నింగ్ మేడమ్ అన్నారండీ. ఆ మర్యాదకే నాకు కాళ్ళు వణికాయి’ అంది. పైవాళ్ళకి ఫిర్యాదు చేస్తే, గొడవెందుకమ్మా, మీరే ఆ ఖాతా మూసేసుకోండి అన్నారు. పోలీసు స్టేషన్లోనూ అదే సలహా. వీధిలో అల్లరి చేస్తున్నారంటే వీధిలోకి వెళ్ళకు అని చెప్పే పాత సలహానే ఇది. ఇప్పుడు ఫోన్ దాకా వచ్చింది.

చట్టం లేక ఇలా జరుగుతోందా? పేరు చెప్పకుండా బెదిరించడం 1860 నాటి శిక్షాస్మృతిలోనే, 507వ సెక్షన్ కింద, అదనపు శిక్ష పడే నేరం. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 351వ సెక్షన్లోకి వచ్చింది. వెంటపడి వేధించడానికి వేరే సెక్షన్ ఉంది. మన దేశంలో సిమ్ కార్డు కావాలంటే గుర్తింపు పత్రం ఇవ్వాల్సిందే. కనుక చాలా కేసుల్లో ముసుగు వెనక మనిషిని పట్టుకోవడం అసాధ్యం కాదు.

2021 జూలైలో ఎందరో ముస్లిం స్త్రీల ఫోటోలు పెట్టి, వేలం పాటకి ఉన్నట్టు చూపిన ‘సుల్లీ డీల్స్’ యాప్ మీకు గుర్తుండే ఉంటుంది. ఢిల్లీలో కేసు నమోదైంది. నెలలు గడిచాయి, ఒక్క అరెస్టు లేదు. 2022 జనవరి 1న అదే పద్ధతిలో ‘బుల్లీ బాయి’ వచ్చింది. ఈసారి దేశమంతా గగ్గోలు పుట్టింది, ముంబై పోలీసులు కదిలారు. వారం తిరగకుండానే చదువుకుంటున్న ఇరవై ఏళ్ళ పిల్లలు దొరికారు. ఆ వెంటనే, ఆరు నెలలుగా దొరకని పాత యాప్ తయారుచేసినవాడు కూడా ఇండోర్లో దొరికాడు. ఈ ఆరు నెలల్లో ఏ కొత్త చట్టమూ రాలేదు, ఎవరి ఖాతాకీ ఆధార్ కార్డు తగిలించలేదు. వెతకాలని అనుకున్నారు, దొరికారు.

ఇంకో సంగతి. మర్యాద కాపాడటానికంటూ మనకి ఒక చట్టం ఉండేది, సమాచార సాంకేతిక చట్టంలో 66ఎ సెక్షన్. చికాకు కలిగించే సందేశం పంపినా నేరమే అన్నంత విశాలంగా రాశారు. 2012 నవంబరులో, బాల్ ఠాక్రే మరణం తర్వాత ముంబై బంద్ గురించి ఫేస్‌బుక్‌లో ఒక అమ్మాయి ప్రశ్నించింది, ఇంకో అమ్మాయి దాన్ని లైక్ చేసింది. పాల్ఘర్‌లో ఆ ఇద్దర్నీ అరెస్టు చేశారు. ఇద్దరూ సొంత పేర్లతోనే ఉన్నారు, ఇద్దరూ అసభ్యంగా ఒక్క మాట అనలేదు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్ని కొట్టివేసింది. అసలు పేరుతో మర్యాదగా మాట్లాడిన ఆడపిల్లలకి దక్కిన బహుమానం అది.

మనం అడుగుతున్న నాలుగో పేరా లాంటిది దక్షిణ కొరియాలో చేసి చూశారు. 2007లో పెద్ద వెబ్‌సైట్లన్నిటిలో అసలు పేరు నిర్ధారణ తప్పనిసరి చేశారు. దూషణ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. 2011లో ఒక కంపెనీ దగ్గర పోగుపడిన మూడున్నర కోట్ల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. మన దగ్గర ఒక స్త్రీ ఫోన్ నంబరూ ఇంటి అడ్రసూ దొంగలపాలైతే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇక ముసుగు అవసరమైన స్త్రీల సంగతికొస్తాను, నా ప్రధానమైన అభ్యంతరం ఇదే. 2018 అక్టోబరులో గాయని చిన్మయి తనకి వచ్చిన ఎందరో స్త్రీల మాటల్ని, వాళ్ళ పేర్లు లేకుండా, తన పేరు మీద బయటపెట్టింది. పేరు చెప్పలేనివాళ్ళకి తన పేరు అరువిచ్చింది. ఆ నవంబరులోనే డబ్బింగ్ కళాకారుల సంఘం, చందా బాకీ అన్న కారణం చూపి, ఆమె సభ్యత్వం తీసేసింది. కేరళలో హేమ కమిటీ ముందు సినిమా స్త్రీలు నోరు విప్పింది తమ పేర్లు బయటికి రావన్న హామీ మీద. 2019 డిసెంబరులో ఇచ్చిన ఆ నివేదిక, కొన్ని భాగాలు తొలగించి, 2024 ఆగస్టులో గానీ బయటికి రాలేదు. తెలుగు సినిమా రంగం మీద తెలంగాణ ప్రభుత్వానికి 2022లో అందిన నివేదికను విడుదల చెయ్యమని 2024లో కూడా స్త్రీలు అడుక్కోవలసి వచ్చింది.

పనిచేసే చోట వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఫిర్యాదు రాతపూర్వకంగా, పేరుతో ఇవ్వాలి. తర్వాత ఆ పేరు బయటపెట్టకూడదని 16వ సెక్షన్ చెబుతుంది. అయినా కాంట్రాక్టు ఉద్యోగిని, రేపు రెన్యూవల్ ఎవరి చేతిలో ఉందో వాడి మీదే సంతకం పెట్టి ఫిర్యాదు చెయ్యాలంటే ఎన్నిసార్లు కలం కింద పెడుతుందో మనలో పనిచేసేవాళ్ళకి తెలుసు. పేరు లేని కాగితం పెట్టెలో వేస్తుంది. దాన్ని చూసి యాజమాన్యం అనే మాట, ‘ఆకాశరామన్న ఉత్తరం, పక్కన పడెయ్యండి’. పెళ్ళి చెడగొట్టేటప్పుడు ఆకాశరామన్నని అందరూ నమ్మారు. ఆడది తన గోడు చెప్పుకున్నప్పుడు మాత్రం అతను అబద్ధాలకోరు అయ్యాడు.

ప్రభుత్వానికి కూడా ఈ అవసరం తెలుసు. స్త్రీలపై, పిల్లలపై నేరాలకి సంబంధించి జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలు పెట్టారు. పోలీసుకి పేరు చెప్పనక్కర్లేని స్త్రీ, అమెరికా కంపెనీకి ఆధార్ కార్డు చూపించాలని మనమే అడుగుదామా? భర్తకి తెలియకుండా గర్భనిరోధం గురించి అడిగే అమ్మాయి ఉంది. ఇంట్లో చెప్పుకోలేని ప్రేమ ఉన్న అమ్మాయి ఉంది. తన కులం వాళ్ళ దాష్టీకం గురించి రాసే పల్లెటూరి టీచరమ్మ ఉంది. నేను చెప్పిన ఆ అధ్యాపకురాలు తన ఖాతా మూసేసుకుంది, సలహా ఇచ్చినట్టే. ఆరు నెలల తర్వాత వేరే పేరుతో మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. మునుపటికన్నా బాగా రాస్తోంది. నాలుగో పేరా నెగ్గితే మొదట మూతపడేది ఆమె నోరు.

కనుక ఆ పేరా తీసెయ్యమని ప్రతిపాదిస్తున్నాను. దాని స్థానంలో ఏం పెట్టాలో కూడా చెబుతాను, కమిటీ మాటలు సరిచూసుకోవచ్చు. ఏ స్టేషన్ పరిధి అయినా ఎఫ్ఐఆర్ రాయాలనీ, ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపిన ఫిర్యాదుని మూడు రోజుల్లో సంతకం చేస్తే నమోదు చెయ్యాలనీ 2024 నుంచి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో ఉంది. అది ఎన్ని స్టేషన్లలో జరుగుతోందో జిల్లాలవారీ లెక్క చెప్పమని రెండు రాష్ట్రాల పోలీసు శాఖల్నీ అడుగుదాం. ఖాతా మూసేసుకోమని సలహా ఇచ్చి పంపిన అధికారి మీద చర్య అడుగుదాం. నగ్నచిత్రాలు, అతికించిన బొమ్మలు ఫిర్యాదు అందిన 24 గంటల్లో తొలగించాలని 2021 నియమాల్లో గడువు పెట్టారు. తెలుగు తిట్టుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అది తిట్టని గుర్తుపట్టే మనిషి ఆ కంపెనీలకి ఎక్కడున్నాడో, ఎంతమంది ఉన్నారో చెప్పమందాం. బంధువుల గ్రూపులో బొమ్మ ముందుకి తోసిన మావయ్యని కూడా తీర్మానంలో చేర్చాలి, మాటలు ఎలా పెడితే బావుంటుందో మీరే చెప్పండి.

ఓటింగు నాలుగున్నరకి. సవరణ ప్రతి నా దగ్గర ఉంది, బలపరచదలచినవాళ్ళు భోజన విరామంలో సంతకం పెట్టవచ్చు. పేరు రాయడం ఇష్టం లేనివాళ్ళు చెయ్యెత్తితే చాలు.